కూనల కళ్ళు

చిత్తకార్తె అంటే మన పల్లెల్లో కుక్కల కార్తె. అక్టోబరులో ఆ రెండు వారాలూ వీధుల్లో వాటి పరుగులూ పోట్లాటలూ చూసి పెద్దవాళ్ళు చూడనట్టు తల తిప్పుకుంటారు. అక్కణ్ణించి సుమారు 63 రోజుల లెక్క. వాకిళ్ళలో ధనుర్మాసపు ముగ్గులు పడే వేళకు ఇసుకకుప్పల పక్కన, మెట్ల కింద, కట్టుబడి ఆగిపోయిన ఇళ్ళ పునాదుల్లో కూనలు కుయ్‌కుయ్‌మంటుంటాయి. పుట్టిన 10 నుంచి 14 రోజుల దాకా వాటి రెప్పలు అతుక్కునే ఉంటాయి. తల్లి పొదుగు దాకా పాకడానికి ముక్కూ, ఒంటి వెచ్చదనమూ చాలు. సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊళ్ళకు వచ్చేసరికి ఆ రెప్పలు విడిపోతాయి. ఇక ఎత్తుకోవడాలు, పేర్లు పెట్టడాలు, ఇంట్లో తెచ్చి పెట్టుకుంటామని అమ్మలను బతిమాలడాలు.

వీధికుక్కలు ఊళ్ళో ఉండాలా వద్దా అన్న తగువు న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ఇక్కడ చెప్పుకునేది ఆ తగువు సంగతి కాదు. వీధిలో పుట్టినా, వేలకు వేలు పోసి కొన్నా, కుక్కపిల్ల మన ఒళ్ళోకి వచ్చేది ఎక్కువగా దాని కళ్ళు చూసే. అలా మనసు పారేసుకున్నవాళ్ళం మళ్ళీ ఆ కళ్ళను ఆరోగ్యం కోసం చూడం. మురిపెంగా చూసే చూపు వేరు, పరకాయించి చూసే చూపు వేరు. మొదటిది ప్రతి ఇంట్లోనూ ఉంది. రెండోది పశువుల డాక్టరు బల్ల మీదికి చేరిన తర్వాతే మొదలవుతోంది. అప్పటికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

మురిపెం మన తప్పేమీ కాదు. కుక్క తన యజమాని కళ్ళలోకి చూస్తూ ఉంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. తల్లీబిడ్డల మధ్య బంధానికి తోడుపడే హార్మోనే అది. కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తే చిన్న కండరం కుక్కల్లో బాగా ఎదిగి ఉంటుందనీ, తోడేళ్ళలో నామమాత్రమేననీ 2019లో మరో అధ్యయనం తేల్చింది. ఆ బొమ్మ ఎత్తి చూస్తేనే కదా మన చేతిలోని బిస్కట్టు జారిపోయేది! వేల ఏళ్ళుగా మనకు నచ్చిన చూపుల్నే మనం పెంచుకుంటూ వచ్చాం. మనల్ని కరిగించడం ఆ కళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య.

కొత్తగా తెరుచుకున్న కన్ను పాలు కలిపినట్టు మసకగా, నీలంగా ఉంటుంది. 'నీలికళ్ళ పిల్ల' అని మురిసిపోయేవాళ్ళున్నారు, ఆ నీలానికి ధర కట్టేవాళ్ళూ ఉన్నారు. రెండు మూడు నెలల్లో రంగుకణాలు నిండి చాలా కూనల కళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. రాత్రిపూట టార్చి వేస్తే కళ్ళ లోపలి మెరుపు తొలినాళ్ళలో నీలంగా ఉండి, నాలుగు నెలల వయసుకు ఆకుపచ్చకో పసుపుకో మారుతుంది. ముఖం ముందు చెయ్యి ఆడిస్తే కూన రెప్ప వెయ్యలేదని గుండె గుభేలుమనక్కర్లేదు. అలా ఉలిక్కిపడి రెప్ప మూసే తెలివి దానికి మూడు నెలల వయసుకు గానీ పూర్తిగా రాదు. హస్కీల్లో పెద్దయ్యాకా నిలిచిపోయే నీలం కూడా జబ్బు కాదు, వంశంలోనిదే. ఇవన్నీ చూసి కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు ఉన్నారు. వెళ్ళినందువల్ల నష్టమేమీ లేదు, ఒక ఫీజు పోతుంది.

నష్టమంతా వెళ్ళనివాళ్ళ వల్లే. రెప్పలు ఇంకా విడకముందే కన్ను ఉబ్బెత్తుగా పైకి లేచిందంటే లోపల చీము పట్టిందని అర్థం. అప్పుడు 'ఇంకా రోజులు నిండలేదు, తనంతట తనే తెరుచుకుంటుంది' అని వదిలేస్తే ఆ కన్ను పోవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో రెప్పలను మెత్తబరిచి, మెల్లగా విడదీసి కడగాలి. అది డాక్టరు చేతి పని. కళ్ళు తెరిచాక రోజంతా ఒక కన్ను చికిలించుకుని ఉండటం, వెలుతురు తగిలితే మంచం కిందికి దూరటం, ముంగాలితో కంటిని రుద్దుకోవటం, ముఖాన్ని తివాచీకేసి రాసుకోవటం అన్నీ నొప్పి గుర్తులే. నన్నయ భారతం ఆదిపర్వంలో సరమ కొడుకు సారమేయుడు, జనమేజయుడి తమ్ముళ్ళు తనను నిష్కారణంగా కొట్టారని వెళ్ళి తల్లికి చెప్పుకున్నాడు. ఆ తల్లి రాజు కొలువుకే వచ్చి నిలదీసింది. మన ఇంటి కూనకు చెప్పుకునే నోరూ లేదు, నిలదీసే తల్లీ పక్కన లేదు. నొప్పి పుడితే కాస్త ఎక్కువసేపు నిద్రపోతుంది. 'పాపం, బుద్ధిమంతురాలు, గొడవ చెయ్యదు' అని మనం మెచ్చుకుంటాం.

కొన్ని జబ్బులు మాత్రం దాచాలన్నా దాగవు. నిన్న రాత్రి బాగానే ఉన్న బీగిల్ పిల్లకు తెల్లారేసరికి కంటి లోపలి మూల నుంచి పండిన రేగుపండంత ఎర్రటి కండ పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంటిల్లిపాదీ హడలిపోతారు. డాక్టర్లు దీన్ని చెర్రీ ఐ అంటారు. కుక్కకు మనకు లేని మూడో రెప్ప ఒకటి ఉంది. దాని అడుగున ఒక కన్నీటి గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథిని పట్టి ఉంచే కణజాలం బలహీనమైతే అది జారి బయటికి వస్తుంది. బుల్‌డాగ్, కాకర్ స్పానియల్, షిట్జూ, బీగిల్ జాతుల్లో, అదీ రెండేళ్ళ లోపు వయసులో, ఎక్కువగా కనిపిస్తుంది. ఒక కంటికి వచ్చినదానికి రెండో కంటికీ రావడం అరుదేమీ కాదు. చూడ్డానికి భయంకరంగా ఉన్నా సరైన చేతిలో పడితే కుదిరే జబ్బే.

ఆ సరైన చెయ్యి సంగతే కొంత చెప్పుకోవాలి. ఒకప్పుడు పశువైద్యంలో దీనికి సులువైన ఉపాయం కత్తిరించి పారెయ్యటం. అయిదు నిమిషాల పని, కన్ను వెంటనే అందంగా కనిపించేది. అయితే కంటిని తడిపే నీటిలో సుమారు మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, ఆ గ్రంథి నుంచి వస్తుంది. అది పోయిన కుక్కల్లో చాలావాటికి నెలలో ఏళ్ళో గడిచాక కన్ను ఎండటం మొదలైంది. జిగురు పుసులు పట్టి, నల్లగుడ్డు మెరుపు పోయి, చివరికి దాని మీద నల్లటి పొర కమ్ముకొచ్చేది. ఇక బతికినంత కాలం రోజుకు రెండు పూటలా సైక్లోస్పోరిన్ మందు వేస్తూ ఉండాల్సిందే. అందుకే ఇప్పుడు గ్రంథిని తీసెయ్యరు, దానికి చిన్న జేబు కుట్టి లోపలికి నెడతారు. ఈ పద్ధతిని 1993లో మోర్గన్, ఆయన సహచరులు వివరించారు. ఇప్పటికీ 'కోసేస్తే పోతుంది, తక్కువలో అయిపోతుంది' అనే మాట అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. ఆ తక్కువ ఎవరికి తక్కువో యజమాని ఒక్కసారి అడగాలి.

కంట్లో తడి ఎంతుందో తెలుసుకోవటానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. ఓటో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు 1903లో మనుషుల కోసం కనిపెట్టిన సన్నటి కాగితపు పట్టీ ఉంది. దాన్ని కింది రెప్ప మడతలో ఒక నిమిషం ఉంచితే చాలు. తడి 15 మిల్లీమీటర్లు దాటి పాకితే మంచిదే, 10 లోపు ఆగిపోతే అనుమానించాలి. నల్లగుడ్డు మీద గీత పడిందా, పుండు పడిందా అని చూడ్డానికి ఫ్లోరెసిన్ రంగు చుక్క ఒకటి ఉంటుంది. పై పొర చెదిరిన చోట అది అంటుకుని నీలికాంతిలో పచ్చగా వెలుగుతుంది. ఈ రెండు పరీక్షలకూ కలిపి పది నిమిషాలు పట్టదు.

ఆ పది నిమిషాలను ఎగ్గొట్టించేది మందుల షాపు. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటా కళ్ళకలక తిరిగింది గుర్తుందిగా. అలాంటి రోజుల్లో కొన్న చుక్కల సీసాలు ఫ్రిజ్ తలుపులో కొత్తిమీర పచ్చడి పక్కన ఏడాదైనా కదలవు. మూత తీసిన నెలకే పారెయ్యాల్సిన ఆ సీసా, కూన కన్ను ఎర్రబడగానే బయటికొస్తుంది. వాటిలో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఎరుపు ఒక్క పూటలో తగ్గుతుంది, యజమాని చెయ్యి మంచిదైపోతుంది. కానీ నల్లగుడ్డు మీద పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే మానాల్సిన పుండు లోతెక్కుతుంది. కొన్నిసార్లు రోజుల వ్యవధిలోనే ఆ పొర కరిగి చిల్లు పడుతుంది. ఇంటి వైద్యాల సంగతి సరేసరి. ఆముదం చుక్క, తేనె చుక్క, పసుపునీళ్ళు, పశువు కంట్లో పువ్వు వేస్తే నోట్లో ఉప్పు నమిలి ఊదటం లాంటివి పల్లెలు చూసినవే. ఏ మందూ దొరకని కాలానికి వాళ్ళకు తోచింది వాళ్ళు చేశారు, వాళ్ళను ఎగతాళి చెయ్యాల్సిన పని లేదు. వీధికో మెడికల్ షాపున్న రోజుల్లో మనం చేస్తున్నది మాత్రం అంతకంటే చెడ్డ పని.

కళ్ళలో కనిపించేదంతా కళ్ళ జబ్బూ కాదు. టీకా పడని కూనకు కళ్ళు నీళ్ళు కారి, రెండు మూడు రోజుల్లో చిక్కటి పసుపు పుసులతో రెప్పలు అంటుకుపోయి, ముక్కు కూడా కారుతుంటే డిస్టెంపర్ అనుకోవాలి. తర్వాత దగ్గు, విరేచనాలు, ఇంకా ముదిరితే దవడలు కొట్టుకోవటం, ఫిట్స్. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. బతికి బయటపడినవాటిలో కొన్నింటికి కంటి నరం దెబ్బతిని చూపు పోతుంది. నరాల లక్షణాలున్న కూన విషయంలో రేబిస్‌ను కూడా మరిచిపోకూడదు. అది పిల్లే కదా అని దాని నోట్లో వేళ్ళు పెట్టడం మంచిది కాదు. కరిస్తే, గీరితే సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. డిస్టెంపర్‌కు మంచి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. అన్నిసార్లు ఎందుకంటే, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ కూన ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచెయ్యనివ్వదు, అది ఏ కూనలో ఎప్పుడు తరుగుతుందో ముందుగా చెప్పలేం. మనవాళ్ళు మాత్రం ఒక సూది వేయించి, పుస్తకంలో స్టాంపు పడిందని నిశ్చింతగా ఉంటారు.

అదే టీకాలో డిస్టెంపర్ పక్కన కుక్కల కామెర్ల వైరస్‌కు కూడా మందు ఉంటుంది. ఆ జబ్బు నుంచి తేరుకుంటున్న కొన్ని కుక్కల్లో నల్లగుడ్డు ఉన్నట్టుండి నీలిమసక పడుతుంది. వైరస్‌తో పోరాడుతూ ఒంట్లో పుట్టిన రక్షకపదార్థాలే కంటి లోపలి పొరను గాయపరచటం దానికి కారణం. తొలినాటి టీకాను ఆ వైరస్‌నే బలహీనపరిచి చేశారు. దానితో టీకా వేయించుకున్న కూనల్లో కొద్దింటికి అదే నీలం పట్టేది. చివరికి దానికి దాయాది అయిన మరో అడినోవైరస్‌తో టీకా తయారు చేశాక ఆ బెడద దాదాపు పోయింది. దాయాది వల్ల మేలు జరిగిన సందర్భాలు వైద్యంలోనే ఎక్కువేమో!

మన ఎండలకూ తేమకూ పిడుదులు బాగా పెరుగుతాయి. పిడుదు కుట్టినప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరితే జ్వరం, నీరసంతో పాటు తెల్లగుడ్డు మీద నెత్తుటి మచ్చలు పడతాయి, కంటి లోపల రక్తం చేరుతుంది, ముక్కు నుంచి కూడా కారవచ్చు. రక్తపరీక్ష చేసి డాక్సీసైక్లిన్ వాడితే చాలావరకు కోలుకుంటాయి. కూన కన్ను ఎర్రగా ఉందని తెచ్చినప్పుడు మంచి డాక్టరు ముందు దాని చెవుల వెనకా, వేళ్ళ సందుల్లోనూ వెతకడం అందుకే. తల్లి పోయిన కూనలను పోతపాలతో పెంచేవాళ్ళకు మరో మాట. కుక్కపాలలో మాంసకృత్తులు ఆవుపాలలో కంటే రెట్టింపు దాటి ఉంటాయి. కొన్ని పోతపాలలో అర్జినైన్ అనే అమైనో ఆమ్లం చాలక చిన్న వయసులోనే కంట్లో శుక్లాలు వచ్చిన సంగతి 1980ల నాటికే తోడేలు పిల్లల్లోనూ కుక్కపిల్లల్లోనూ గమనించారు.

ఇవన్నీ బయటినుంచి వచ్చేవి. కొన్ని కంటి బాధలను మనమే ఏరికోరి పుట్టిస్తున్నాం. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచిన పగ్‌ను చూసి దేశమంతా పగ్‌లు కొంది. అణిగిన ముక్కు, చక్రాల్లాంటి కళ్ళు. ఆ కళ్ళు అంత పెద్దగా కనిపించటానికి కారణం అవి పెద్దవి కావటం కంటే వాటిని దాచుకునే గుంట లోతు లేకపోవటం. నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు, నల్లగుడ్డు ఆరిపోతుంది. ముక్కు మీది మడత వెంట్రుకలు కంటికి రాసుకుంటూ ఉంటాయి. మెడ వెనక చర్మం పట్టి గట్టిగా లాగినా, పెద్ద కుక్క ఒక్క కాటు వేసినా గుడ్డు బయటికి ఉబికిరావచ్చు. అలా జరిగితే వెనక్కి నొక్కకూడదు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, ఆరనివ్వకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. షార్ పేలాంటి ముడతల జాతుల్లోనూ, కొన్ని లాబ్రడార్, రాట్‌వైలర్ పిల్లల్లోనూ రెప్ప అంచు లోపలికి మడతపడి వెంట్రుకలు కంటిని కోస్తూ ఉంటాయి. ముఖం ఎదిగేదాకా రెప్పను బయటికి పట్టి ఉంచే తాత్కాలిక కుట్లు వేస్తారు. చిత్రమైన మచ్చల బొచ్చు కోసం మెర్ల్ రంగు కుక్కనూ మెర్ల్ రంగు కుక్కనూ జతకడితే పిల్లల్లో సగటున నాలుగో వంతుకు ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది. వాటిలో చాలా పిల్లలు ఎదగని చిన్న కళ్ళతోనో చెవుడుతోనో పుడతాయి. నెదర్లాండ్స్‌లో ముట్టె పొడవు తల పొడవులో కనీసం మూడో వంతు ఉండాలని నియమం పెట్టారు. మనకూ 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మకూడదని వాటిలో ఉంది. ఆదివారం సంతల్లో ఆ నియమానికి ఎంత విలువుందో కొన్నవాళ్ళకు తెలుసు. కొల్లేటి పక్కన బాతులను కాసే మన జోనంగి కుక్కకు పొడుగాటి ముట్టె, కంటికి తగిన గుంట ఉన్నాయి. దానికి ప్రకటనల్లో చోటు దొరకలేదు, అది దాని అదృష్టం.

బయటికేమీ కనిపించకుండా లోపల చూపు పోతూ ఉండే జబ్బులు మరో రకం. రెటీనా క్రమంగా క్షీణించే వంశపారంపర్యపు జబ్బులో ముందు రేచీకటి వస్తుంది. పగలు బంతి వెంట పరుగెత్తే పిల్ల, దీపం తీశాక మెట్ల దగ్గర ఆగిపోతుంది. కొత్త ఇంటికి తీసుకెళ్తే గోడను ఆనుకుని నడుస్తుంది. తోబుట్టువులతో ఉన్నంతకాలం వాటి వెనకే వాసన పట్టుకుని తిరిగేస్తుంది గనుక ఎవరికీ అనుమానం రాదు. ఒంటరిగా మన ఇంటికి వచ్చాకే బయటపడుతుంది.

అలాంటి ఒక కథ స్వీడన్‌లో మొదలైంది. బ్రియార్డ్ అనే ఫ్రాన్సు గొర్రెలకాపరి జాతిలో కొన్ని కూనలకు పుట్టుకతోనే రేచీకటి ఉందని క్రిస్టినా నార్‌ఫ్‌స్త్రోమ్ అనే పశు నేత్రవైద్యురాలు 1989లో వివరించింది. ఆర్‌పీఈ65 అనే జన్యువులో చిన్న ముక్క లోపించటం దానికి మూలమని 1990ల చివర్లో తేలింది. వాడిన విటమిన్ ఏ ను మళ్ళీ చూపుకు పనికొచ్చే రూపానికి తెచ్చే పని ఆ జన్యువుది. లెబెర్ అనే వైద్యుడు 1869లో గుర్తించిన పిల్లల పుట్టు అంధత్వంలో ఒక రకానికీ ఇదే జన్యువు కారణం. అమెరికా శాస్త్రవేత్తలు హాని చెయ్యని వైరస్ మీద సరైన జన్యువును ఎక్కించి మూడు బ్రియార్డ్ కూనల రెటీనా కిందికి పంపారు. చూపొచ్చింది. 2001లో ఆ ఫలితం వెలువడ్డాక వాటిలో లాన్సిలాట్ అనేది అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్ళి వచ్చింది. మనుషుల మీద ప్రయోగాలు 2007లో మొదలయ్యాయి. 2017 డిసెంబరులో లక్స్‌టర్నా పేరుతో ఆ చికిత్సకు అనుమతి దొరికింది. అప్పట్లో దాని ధర కంటికి 4,25,000 డాలర్లు. ఈ పనికి ముందు నిలిచిన జీన్ బెనెట్, ఆల్బర్ట్ మగ్వైర్ దంపతులు తాము చూపు తెప్పించిన కుక్కల్లో మెర్క్యురీ, వీనస్ అనే రెండింటిని ఇంట్లోనే పెంచుకున్నారు.

ఈ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా, చెడ్డదిగా వస్తేనే జబ్బు పైకి వస్తుంది. దగ్గరి రక్తంలో జతకట్టే కొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. కుక్కల్లో దాన్ని పెంపకందార్లు జాతి శుద్ధి అంటారు, మన ఇళ్ళలో మేనరికం అంటారు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ లాంటి చోట్ల వంశపారంపర్య రెటీనా జబ్బుల జన్యువుల మీద ఏళ్ళ తరబడి పని జరుగుతున్నది మన కుటుంబాల్లోని పిల్లల కోసమే. కుక్కల్లోనైతే జతకట్టే ముందే పరీక్ష చేయించి, రెండూ జన్యువును మోస్తుంటే ఆ సంబంధం మానుకోవచ్చు. ఆ పరీక్ష కాగితం చూపించమని అడిగే కొనుగోలుదారు మన దగ్గర ఇంకా తయారు కాలేదు. రంగు అడుగుతారు, సర్టిఫికెట్ అడుగుతారు, తండ్రి ఏ పోటీలో గెలిచిందో అడుగుతారు.

కళ్ళు కనిపించవని తెలిశాక కూనను వెనక్కి ఇచ్చేసేవాళ్ళు, రాత్రికి రాత్రి ఊరి బయట వదిలేసేవాళ్ళు లేకపోలేదు. పిల్లలకు ఏం చెబుతారో తెలియదు. నిజానికి నొప్పి లేని గుడ్డితనం కుక్కకు మనం ఊహించినంత పెద్ద శిక్ష కాదు. దాని లోకంలో సగానికి పైగా వాసనలు, చప్పుళ్ళే. నీళ్ళగిన్నె చోటు మార్చకుండా, మెట్ల దగ్గర అడ్డు కట్టి, తాకే ముందు పేరు పెట్టి పిలుస్తూ ఉంటే కొన్నాళ్ళకే ఇల్లంతా దానికి కంఠతా వచ్చేస్తుంది. ఇల్లు సర్దేటప్పుడు బల్లో కుర్చీయో జరిపితే దాన్ని ఒకసారి అటు తీసుకెళ్ళి వాసన చూడనివ్వాలి.